ఫొటో ఒక్కటి చూసి పేరు పెట్టొచ్చా? ఎడారి వాన కప్పా, నమాక్వా వాన కప్పా?

ఇసుకగూడు: సెప్టెంబర్లో పూలు చూద్దామని దక్షిణాఫ్రికాలోని నమాక్వాలాండ్ వెళ్లాం. పోర్ట్ నోలోత్ దగ్గర, రాత్రిపూట ఇసుక దిబ్బ మీద ఈ కప్ప కనిపించింది. నిమ్మకాయంత ఉంది, మొహం లోపలికి నొక్కినట్టు, కళ్లు ఇంతేసి. జీవుల ఫొటోలు నమోదు చేసే ఈ సైట్లో పెట్టి, ఎడారి వాన కప్ప (బ్రెవిసెప్స్ మాక్రాప్స్) అని పేరు రాశా. ఎవరో 'తేలలేదు' అని మార్చేశారు. ఎందుకండీ?

కప్పలరావు: మార్చింది నేనే. మాక్రాప్స్ అంటే పెద్ద కళ్లదని అర్థం, నిజమే. కానీ నమాక్వా కప్ప (బ్రెవిసెప్స్ నమాక్వెన్సిస్) కళ్లూ చిన్నవేం కాదు. తేడా పాదాల్లో ఉంది. ఎడారి కప్ప వేళ్ల మధ్య కండపట్టిన దళసరి చర్మం ఉండి, పాదం తెడ్డులా కనిపిస్తుంది. మీ కప్ప నాలుగు పాదాలూ ఇసుకలోనే దాచుకుంది!

సముద్రగాలి: పాదాల దాకా ఎందుకు, కప్పలరావు గారూ, దొరికిన చోటు చాలదా? ఎడారి కప్ప ఉండేది తీరం వెంబడి సన్నటి పట్టీలో, వెడల్పు 10 కిలోమీటర్లు ఉంటుందేమో. పేరులో వాన ఉన్నా, దాన్ని బతికించేది సముద్రం మీంచి వచ్చే పొగమంచు. ఈ ఫొటో అక్కడిదేగా.

కప్పలరావు: ఎడారి కప్ప లోపలికి పోదు, ఒప్పుకుంటా. నమాక్వా కప్ప తీరపు ఇసుకలో ఉండదని ఎవరన్నారు? పైగా 2017లో అదే ప్రాంతంలో, హోల్‌గాట్ నది దగ్గర దొరికిన కప్పని బ్రెవిసెప్స్ బ్రాంచి అని మూడో జాతిగా వర్ణించారు. ఉన్నవి రెండే అనుకుని సర్దేస్తే మూడోది మన కంట పడదు.

ఇసుకగూడు: అయితే పట్టుకుని తిప్పి చూడాల్సిందా? నాకు మనసొప్పలేదు. అప్పటికే బెదిరి బుంగలా ఉబ్బింది.

గోదారిపిల్ల: తిప్పకపోవడమే మంచిదైంది అన్నా. ఈసారి ఫోన్లో గొంతు రికార్డ్ చేయండి. ఎడారి కప్పది పైపైకి సాగే పొడవాటి ఈల, నమాక్వాది పొట్టి ఈల. నెట్‌లో తిరిగిన, రబ్బరు బొమ్మ నొక్కినట్టుండే కీచుమనే అరుపు మాత్రం ఈల కాదు, బెదిరినప్పటిది.

సముద్రగాలి: గొంతు దొరకని ఫొటోలన్నీ 'తేలలేదు'లోనే పడుంటాయన్నమాట. అది వజ్రాల తవ్వకాల తీరం. ఫలానా దిబ్బ మీద ఫలానా కప్ప ఉందని నమోదు కాకపోతే ఆ దిబ్బ గురించి అడిగేదెవరు?

కప్పలరావు: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ మ్యాప్‌లో తప్పు చుక్క పడితే, అడిగేవాడి మాటకే విలువ పోతుంది.

ఇసుకగూడు: ఆగండి, ఇంకో ఫొటో ఉంది. వెనక కాళ్లతో తవ్వుకుంటూ వెనక్కి దిగిపోతున్నప్పటిది. కుడి పాదం కాస్త మసగ్గా పడింది.

కప్పలరావు: పెట్టండి. తెడ్డయితే నేనే మారుస్తా.