చెక్కు, చెక్ పోస్టు, చెక్స్ చొక్కా: మూడిటికీ రాజు ఒక్కడే

"బ్యాంకు చెక్కు, చెక్ పోస్టు, చెక్స్ చొక్కా... మాట ఒకేలా ఉంది, అర్థాలకి మాత్రం పొంతన లేదు. ఇవి వేరువేరు మాటలా, ఒకటేనా?" అని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. కామెంట్లో రాయబోతే చాంతాడంత అయింది, అందుకని విడిగా పెడుతున్నాను.

ఒకటే మాట. మూడూ చదరంగం బల్ల మీంచి దిగినవే.

పారశీకంలో షాహ్ అంటే రాజు. మన పాదుషాలో ఉన్న షా కూడా ఇదే. ఎదుటివాడి రాజు మీదికి గురి పెట్టినప్పుడు "షాహ్!" అని పైకి అనడం ఆటలో మర్యాద, నీ రాజుని చూసుకో అని హెచ్చరిక. ఆట అరబ్బుల చేతుల మీదుగా యూరప్ చేరింది, దాంతోపాటు ఆ కేకా వెళ్ళింది. పాత ఫ్రెంచిలో అది ఎస్చెక్ అయితే, ఇంగ్లీషువాళ్ళు మొదటి అక్షరం మింగేసి చెక్ అన్నారు. ఇంగ్లీషులో ఈ మాట 1300 ప్రాంతంలో మొట్టమొదట కనిపించేది చదరంగపు కేకగానే. తనిఖీ, కాగితం, గళ్ళు అన్నీ ఆ తరవాత వచ్చినవే.

ఇంకో తమాషా ఏమిటంటే ఆ ఎస్చెక్‌కి బహువచనమే చెస్. అంటే చెస్ అన్న పేరుకి అసలర్థం "రాజులు". ఆట పుట్టింది మన దగ్గర, పేరు చతురంగం. అది పారశీకంలో చత్రంగ్ అయింది, అరబ్బీలో చకారం లేదు కాబట్టి షత్రంజ్ అయింది, స్పానిష్‌లో ఇప్పటికీ అహెద్రెస్ అన్న రూపంలో మన చతురంగమే బతికుంది. ఇంగ్లీషు దాకా వచ్చేసరికి మాత్రం ఆట పేరు పోయి రాజు పేరు మిగిలింది. మనం చదరంగం అంటాం, వాళ్ళు చెస్ అంటారు, ఆట ఒకటే అయినా ఈ రెండు పేర్లకీ ఏ సంబంధమూ లేదు.

షాహ్‌ని ఇంకా వెనక్కి తీసుకెళ్తే పాత పారశీకంలో క్షాయథియ. సంస్కృతంలో క్షత్రకీ దీనికీ ధాతువు ఒకటే, ఏలడం అన్న అర్థంలో. అంటే చెక్, క్షత్రియ దూరపు దాయాదులన్నమాట. దాయాదులు అన్నాను, బిడ్డ అనలేదు. ఈ తేడా దయచేసి గమనించండి, లేకపోతే రేపు పొద్దున్నకల్లా "చెక్ అచ్చమైన సంస్కృత పదం, ఇంగ్లీషువాడు దొంగిలించాడు" అని వాట్సాప్‌లో మన గ్రూపు పేరుతోనే తిరుగుతుంది.

ఇక అర్థాలు ఎలా విడిపోయాయో చూద్దాం. చెక్ అనగానే ఆడేవాడు వేయాలనుకున్న ఎత్తు ఆగిపోతుంది, ముందు రాజుని కాపాడుకోవాలి. అక్కణ్ణించి ఆపడం, అడ్డుకోవడం అన్న అర్థం వచ్చింది. మన వాగుల మీద కట్టే చెక్ డ్యామ్‌లో ఉన్నది ఇదే, అక్కడ ఎవరూ నీళ్ళని తనిఖీ చేయరు, ఆపుతారు. ఆపడం కాస్తా అదుపులో పెట్టడం అయింది, అదుపులో పెట్టాలంటే సరిచూడాలి కాబట్టి తనిఖీ అయింది. చెక్ పోస్టు ఈ రెండు అర్థాలకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది: లారీని ఆపుతారు, కాగితాలూ చూస్తారు.

గళ్ళ సంగతి వేరే దారి. చదరంగం బల్ల మీద గళ్ళుంటాయి కాబట్టి గళ్ళ బట్ట కూడా ఆ పేరే పెట్టుకుంది. అంతవరకూ ఎవరైనా ఊహించగలరు. నాకు బాగా నచ్చిన భాగం దాని పక్కనే ఉంది.

12వ శతాబ్దపు ఇంగ్లండులో జిల్లాల నుంచి పన్ను వసూలు చేసే అధికారులని షెరీఫులు అనేవాళ్ళు. వాళ్ళు ఏడాదికి రెండుసార్లు, ఈస్టరుకీ, సెప్టెంబరు చివర్లో వచ్చే మైకేల్మస్ పండక్కీ, వచ్చి రాజుగారి కోశాధికారి ముందు లెక్క అప్పజెప్పాలి. పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు ఉన్న బల్ల, చుట్టూ బిళ్ళలు జారిపోకుండా అంచు, దాని మీద చారలు గీసిన నల్లగుడ్డ. చారల మధ్య వరసల్లో పెన్నీలు ఒక చోట, షిల్లింగులు ఒక చోట, పౌనులు ఒక చోట, ఆపైన ఇరవైలు, వందలు, వేలు. బిళ్ళలు పేర్చి లెక్క కడతారు, రావలసింది పైన, తెచ్చింది కింద. చదవడం రాని షెరీఫుకి కూడా తను ఎంత బాకీ ఉన్నాడో కళ్ళెదుట కనిపిస్తుంది! చూడ్డానికి అచ్చం చదరంగం బల్లలా ఉందని ఆ కార్యాలయానికే ఎక్స్‌చెకర్ అని పేరు పడింది. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ దగ్గర కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో ఈ పద్ధతంతా రాసిపెట్టాడు. చదరంగంలో రాజులు తలపడ్డట్టే ఇక్కడ కోశాధికారీ షెరీఫూ తలపడతారు అని పోలిక కూడా ఆయనే చెప్పాడు. బ్రిటన్ ఆర్థికమంత్రిని నేటికీ చాన్సెలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు. ఆ మాటలో ముందున్న ఎక్స్ మాత్రం ఉత్త పొరపాటు, పాత ఫ్రెంచి "ఎస్"ని లాటిన్ "ఎక్స్" అనుకుని ఎవరో పండితుడు దిద్దిన దిద్దుబాటు. పండితులు ప్రతి దేశంలోనూ ఉంటారు.

ఇప్పుడు బ్యాంకు చెక్కు. 18వ శతాబ్దం మొదట్లో దొంగ కాగితాలని అరికట్టడానికి బ్యాంకు దగ్గర ఉంచుకునే ప్రతినీ కౌంటర్‌ఫాయిల్‌నీ చెక్ అనేవాళ్ళు, అంటే సరిచూసుకునే ముక్క. పోనుపోను చింపి ఇచ్చే కాగితానికే ఆ పేరు అంటుకుంది. తరవాత ఎక్స్‌చెకర్ ప్రభావంతో బ్రిటన్‌లో చివర "que" పెట్టి cheque అని రాయడం మొదలైంది. కాబట్టి అర్థం వచ్చింది అదుపు నుంచి, స్పెల్లింగు వచ్చింది గళ్ళ బల్ల నుంచి. అమెరికావాళ్ళు ఆ జంజాటం పెట్టుకోలేదు, బ్యాంకు కాగితమైనా తనిఖీ అయినా ఒకటే స్పెల్లింగు, హోటల్లో బిల్లు కూడా వాళ్ళకి చెక్కే. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉన్నది బ్రిటిష్ స్పెల్లింగు. కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళకి బాగా తెలిసిన 138 సెక్షను, అదే చెక్కు బౌన్సు కేసు, 1988 సవరణతో అందులో చేరింది.

ఇక్కడ తెలుగు చేసిన పని చూడండి. బ్రిటిష్‌వాళ్ళు స్పెల్లింగుతో విడదీసిన జంటని మనం ఒక్క ఉకారంతో విడదీశాం. కాగితమైతే చెక్కు, కారు, బస్సు లాగా. పనైతే చెక్: చెక్ చేశావా, చెక్ చేసుకో. "చెక్కు చేశావా" అని ఎవరూ అనరు. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, వాడుకలో అలా కుదిరిపోయింది.

అన్నిటికన్నా పాత అర్థం బతికున్నది మన దినపత్రికల్లో. "అసమ్మతికి చెక్ పెట్టిన అధిష్ఠానం" అని శీర్షిక రాసే సబ్ ఎడిటరు తెలిసో తెలియకో చదరంగం భాష మాట్లాడుతున్నాడు. అసలు మన రాజకీయ వార్తల భాషలో సగం చదరంగమే కదా: పావులు కదుపుతారు, ఎత్తుకు పైయెత్తు వేస్తారు, చివరికి ఆట కట్టిస్తారు. ఆటకట్టు అంటే చెక్‌మేట్. "దొంగల ఆట కట్టించిన పోలీసులు" చదివినప్పుడు చదరంగం గుర్తొచ్చేది ఎంతమందికి? చెక్‌మేట్ అంటే షాహ్ మాత్. అరబ్బీ లెక్కన అయితే రాజు చచ్చాడని, పారశీకం లెక్కన అయితే రాజు దిక్కుతోచక నిలబడిపోయాడని. నా ఓటు రెండోదానికే, చదరంగంలో రాజుని చంపడం అంటూ లేదు కదా.

నిన్న ఆ ప్రశ్న కింద కామెంట్లలో మిగతావాళ్ళు అడిగినవాటికి టూకీగా.

చెక్ రిపబ్లిక్‌కీ దీనికీ సంబంధం లేదు. అది ఆ ప్రజల పేరు, ఇంగ్లీషు స్పెల్లింగు పోలిష్ నుంచి వచ్చింది. తెలుగులో రాసినప్పుడు ఒకేలా ఉంటుంది, అంతే.

దస్తావేజుల్లో తూర్పు, పడమర హద్దుల ముందు రాసే చెక్‌బందీ కూడా ఇంగ్లీషు కాదు. ఉత్తరాదిన చక్ అంటే భూమి ముక్క, చక్‌బందీ నుంచి వచ్చింది. హద్దులు చెక్ చేసి రాస్తారు కాబట్టి ఆ పేరు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

శిల్పం చెక్కడం, దుంప చెక్కు తీయడం, చెక్కిలి, చెక్కు చెదరని... ఇవన్నీ మన సొంతం, ఇంగ్లీషుకి వీటితో పనిలేదు.

షావుకారులో షా ఉంది కదా అన్నారు. ఆ షా రాజు కాదు. హిందీ సాహుకార్, దాని వెనక సంస్కృత సాధు.

నాకూ ఒక ప్రశ్న ఉంది. ఉర్దూలో రాజుకి గురి పెట్టినప్పుడు షహ్ అంటారు. తెలుగు ఇళ్ళలో, స్కూల్లో చెస్ నేర్చుకోకముందు అరుగుల మీద ఆడినవాళ్ళు ఏమనేవారు? మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఊరి పేరుతో సహా కింద రాయండి. "చెక్ అనే అనేవాళ్ళు" అన్న జవాబైనా ఫర్వాలేదు.