హోమ్‌కమింగా, బతుకమ్మా? కొలంబియా (మిస్సోరీ) పెద్దలు, సీనియర్లు చెప్పండి

కొత్త స్టూడెంట్, కొలంబియా

అందరికీ నమస్కారం. ఆగస్టులో వచ్చాను, బీఎస్ మొదటి ఏడాది. అక్టోబర్‌లో మా యూనివర్సిటీ హోమ్‌కమింగ్ ఉంది, పాత విద్యార్థులు తిరిగొచ్చే పండగట, పరేడ్, ఫుట్‌బాల్ ఆట ఉంటాయి. అదే శనివారం సాయంత్రం సెయింట్ లూయిస్‌లో బతుకమ్మ, పిన్నీ వాళ్లు తప్పకుండా రమ్మన్నారు. నాకు అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ముక్క అర్థం కాదు. మనవాళ్లు అసలు హోమ్‌కమింగ్‌కి వెళ్తారా? ఇంకో మాట, వచ్చే ఏడాది అపార్ట్‌మెంట్‌కి ఇప్పుడే లీజు మీద సంతకం పెట్టమని తొందరపెడుతున్నారు. పెట్టేయొచ్చా?

సెయింట్ లూయిస్ అంకుల్

బాబూ, ముందు బ్యాగు సంగతి విను. స్టేడియంలోకి మామూలు బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్లనివ్వరు. లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ బ్యాగు, 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు, అంతకు మించకూడదు. ఉదయం చలిగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది, స్వెటర్ మీద జాకెట్ వేసుకో. ఆట ఎన్నింటికి మొదలవుతుందో టీవీ వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి సమయం చూసుకోకుండా బస్సు బుక్ చేయకు. లీజు అంటావా, డిపాజిట్ రసీదు దాచుకో. ఖాళీ చేశాక 45 రోజుల్లో తిరిగివ్వాలి, అది చట్టం.

అన్నట్టు, హోమ్‌కమింగ్ మీ మిస్సోరీలో పుట్టిందని అక్కడ అందరూ చెప్తారు. నమ్మకు. మేం చదివిన ఇల్లినాయ్‌లో 1910లోనే జరిగింది.

కాన్సాస్ సిటీ అక్క

అంకుల్, 45 రోజులు మీ ఇల్లినాయ్ లెక్క. మిస్సోరీలో 30 రోజులే. డిపాజిట్ కూడా రెండు నెలల అద్దెకు మించి అడగకూడదు. తమ్ముడూ, లీజు గురించి నువ్వు అడిగినదానికన్నా ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఆ ఊళ్లో నేను పడ్డ బాధ ఇంకెవరూ పడకూడదు.

నేను ఎంఎస్ చేసేటప్పుడు సరిగ్గా హోమ్‌కమింగ్ వారంలోనే ఒక అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారు. రెండే యూనిట్లు మిగిలాయి, ఊరంతా తల్లిదండ్రులు వచ్చి చూస్తున్నారు, సాయంత్రంలోపు సంతకం పెట్టకపోతే పోతుందన్నారు. నలుగురం కలిసి ఒకే లీజు మీద పెట్టాం. జనవరిలో ఒకమ్మాయి వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయింది. ఆమె వాటా మా ముగ్గురినీ కట్టమన్నారు. అందరూ కలిసి ఒకటే లీజు రాస్తే మొత్తం అద్దెకు ఒక్కొక్కరూ పూర్తి బాధ్యులే. ఆ మాట కాగితంలో ఎక్కడో ఉంటుంది, సంతకం పెట్టించుకునేవాళ్లు పైకి చదివి వినిపించరు. ఖాళీ చేసేటప్పుడు గోడలకు రంగులు, కార్పెట్ క్లీనింగ్ అని డిపాజిట్ మొత్తం మింగేయబోయారు. మా దగ్గర చేరిన రోజు తీసిన ఫోటోలు, తేదీలతో సహా ఉన్నాయి. ఏది ఎంతకు కోశారో వివరంగా లిస్టు ఇవ్వండి, అన్యాయంగా పట్టుకున్న డబ్బుకు రెట్టింపు వరకు కోర్టులో అడగొచ్చని మిస్సోరీ చట్టం చెప్తోంది అని ఉత్తరం రాశాం. అప్పుడు కదిలారు, చాలావరకు వెనక్కి వచ్చింది.

అందుకని మనిషికో లీజు విడిగా రాసే చోటే చూడు. సాయంత్రంలోపు అని ఎవరన్నా అంటే అక్కణ్నుంచి బయటికి వచ్చెయ్.

ఇక అంకుల్, 1911లో మిస్సోరీలో జరిగిందే అసలు హోమ్‌కమింగ్. అంతకుముందు కాన్సాస్ యూనివర్సిటీతో ఆట కాన్సాస్ సిటీలో ఆడేవారు. ఆటలు కాలేజీ క్యాంపస్‌ల మీదే జరగాలని రూలు వచ్చేసరికి, జనం రారేమోనని అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ ఛెస్టర్ బ్రూయర్ పాత విద్యార్థులందరినీ కొలంబియాకి పిలిచాడు. ఆట 3-3తో సమమైంది. పరేడ్, ర్యాలీ అన్నీ అప్పుడే ఉన్నాయి.

సెయింట్ లూయిస్ అంకుల్

అమ్మా, 1911 కన్నా 1910 ముందు కాదా? చివరి ఏడాది చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లు, విలియమ్స్, ఎక్‌బ్లా, ఆలోచన చేసి మొదలుపెట్టారు. ఆ ఆటలో షికాగో మీద 3-0తో గెలిచాం.

డాలస్ నుంచి

ఇద్దరూ ఆగండి. టెక్సస్‌లో బేలర్ యూనివర్సిటీ 1909లోనే చేసింది.

కొలంబియా సీనియర్, సీఎస్ నాలుగో ఏడాది

తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తాను. వెళ్లు. స్టూడెంట్‌గా నాకిదే ఆఖరి హోమ్‌కమింగ్, అందుకే ఈ మాట గట్టిగా అంటున్నాను.

మొదటి ఏడాది నాకదొక జాతర. శుక్రవారం రాత్రి గ్రీక్ టౌన్‌లో, అంటే ఫ్రటర్నిటీ, సొరోరిటీ అనే విద్యార్థి సంఘాల ఇళ్లున్న చోట, ఇళ్ల ముందు అలంకరణలు, స్కిట్లు. శనివారం పొద్దున పరేడ్, మార్చింగ్ మిజూ బ్యాండ్ (మిజూ అంటే మన యూనివర్సిటీ ముద్దుపేరు), పులి వేషం మస్కట్ ట్రూమన్ టైగర్‌తో పిల్లల ఫోటోలు. స్టేడియంలో ఒక వైపు ఎం-ఐ-జెడ్ అని అరిస్తే ఎదుటి వైపు జెడ్-ఓ-యూ అని అందుకుంటుంది. ఫుట్‌బాల్ తెలియకపోయినా అది వచ్చేస్తుంది. అప్పుడు నా కళ్లన్నీ మా వయసు వాళ్ల మీదే. వచ్చిన ముసలివాళ్లని చూడనేలేదు.

ఆ రోజు నిజానికి వాళ్లది. పోయినేడాది పరేడ్‌లో నా పక్కన ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఏ డార్మ్‌లో (హాస్టల్లో) ఉన్నావని అడిగాడు. నా జవాబు విని, ఆయన భార్యని పిలిచి, మనవడిని పిలిచి, వాళ్లకి నన్ను చూపించాడు, అదే డార్మ్ ఆయనది కూడా. మా ఊళ్లో హైస్కూలు పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి మా నాన్న కొత్త చొక్కా వేసుకుని వెళ్లి, క్లాసురూముల గుమ్మాల దగ్గర నిలబడి వచ్చాడు. ఈయన ముఖంలో అదే చూశాను.

ఆగస్టులో కొత్త స్టూడెంట్లు చేసే టైగర్ వాక్ నువ్వూ చేసే ఉంటావు. 1892లో కాలిపోయిన భవనం తాలూకు ఆరు స్తంభాలు, వాటి మధ్యలోంచి జెస్సీ హాల్ వైపు పరుగెత్తి, ఐస్‌క్రీం తిని ఉంటావు. మేలో మేం అదే స్తంభాల్లోంచి ఎదురు దిక్కుకి, ఊళ్లోకి నడుస్తాం. మా అమెరికన్ ఫ్రెండ్స్ ఇప్పుడే వచ్చే అక్టోబర్‌కి హోటల్ మాట్లాడుకుంటున్నారు. నన్నూ డబ్బులు వేయమన్నారు. నేను సరేనని వెంటనే అనలేకపోయాను. డిగ్రీ అయ్యాక ఏడాది ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, నాది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ లాంటి కోర్సు) కాబట్టి ఇంకో 24 నెలలు. అందులో మొదటి ఏడాది 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆపైన ఉద్యోగ వీసాకి హెచ్‌1బీ లాటరీ. వాళ్లకి తిరిగి రావడమంటే ఓ వారాంతం కారు తోలుకురావడం. మనకి అది వీసా ఆఫీసర్ చేతిలో ఉన్న సంగతి. నా సీనియర్ ఒకడు లాటరీలో ఎన్నిసార్లు వేసినా తగలక హైదరాబాద్ వెళ్లిపోయాడు. పోయినేడాది పరేడ్ వాడికి వీడియో కాల్‌లో చూపించాను. ఇక్కడ పొద్దున ఎనిమిదంటే వాడికి సాయంత్రం ఆరున్నర. వాడు బ్యాండ్ చూడలేదు. ఫోన్ కొంచెం పక్కకి తిప్పు, మన లైబ్రరీ చూపించు అన్నాడు.

అందుకే చెప్తున్నాను, మొదటి ఏడాది నుంచే వెళ్లు, నాలుగూ చూడు. ఒకటి మానేస్తే తర్వాత చూసుకోవచ్చులే అనే వీలు మనకి తక్కువ. హోమ్‌కమింగ్‌కి పెట్టే బ్లడ్ డ్రైవ్‌కి (రక్తదాన శిబిరానికి) కూడా వెళ్లు. మలేరియా ఉన్న దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్ల రక్తం వెంటనే తీసుకోరు, కానీ వాలంటీర్‌గా పని ఉంటుంది, క్యాంపస్ అంతా పరిచయమవుతుంది.

బతుకమ్మా మానకు. పొద్దున పరేడ్ చూడు. ఆట మధ్యాహ్నానిదైతే సగం చూసి బయల్దేరినా సెయింట్ లూయిస్ 125 మైళ్లే, రెండు గంటలు. రాత్రి ఆట అయితే దాన్ని వదిలెయ్, పరేడ్ మాత్రం వదలకు.

కాన్సాస్ సిటీ అక్క

సీనియర్ తమ్ముడూ, హోటల్ డబ్బులు ఇచ్చెయ్. నాకు వీసా స్టాంపింగ్ ఆలస్యమై ఇండియాలో ఇరుక్కున్న ఏడాది రాలేకపోయాను, ఉద్యోగం మారిన ఏడాది కూడా కుదరలేదు, మిగతా ఏళ్లు వస్తూనే ఉన్నాను. ఈసారీ వస్తున్నాను, మా పాపని తీసుకుని. పరేడ్ అయ్యాక క్వాడ్‌లో స్తంభాల దగ్గర ఉంటాం, పులిహోర తెస్తాను, ఇద్దరూ రండి. చిన్న తమ్ముడూ, ఆ లీజు కాగితం కూడా పట్టుకురా, సంతకం పెట్టకుండా.