అప్‌డేట్: లిపి రాకుండా రోజువారీ థాయ్ మాటలు

ఉద్యోగరీత్యా బ్యాంకాక్ వెళ్లేలోగా, లిపి జోలికి పోకుండా రోజువారీ థాయ్ మాటలు నేర్చుకోవచ్చా అని లోగడ అడిగాను. ముందు చెవికి పని చెప్పమన్న మీ సలహా నాకెంతో మేలు చేసింది. థాయ్‌లో 5 స్వరస్థాయులు ఉన్నందున, ‘క్లై’ అన్న మాటను సమస్థాయిలో పలికితే దూరమనీ, పై నుంచి కిందికి దించి పలికితే దగ్గరనీ అర్థం వస్తుంది కాబట్టి, తెలుగులో రాసుకుని చదవడం కంటే విని వెంటనే అనడమే సరైన సాధన. క-ఖ, త-థల తేడా మాత్రం మనకు కొత్త కాదు. ‘ఫ’ను పెదవులు కలిపి ఒత్తి పలకాలి. ఇప్పుడు భోజనాల బండి దగ్గర ‘మై ఫెత్ ఖ్రప్’ అని కారం వద్దని చెప్పి, ‘థావ్ రై ఖ్రప్’ అని ధర అడిగి, వాళ్లు చెప్పిన అంకెను గ్రహించగలుగుతున్నాను. మర్యాద కోసం మగవారు చేర్చే ఆ ‘ఖ్రప్’ బదులు ఆడవారు ‘ఖ’ అంటారు. ఇక లిపి మొదలుపెడుతున్నాను.