కుటుంబ సమ్మేళనం నాటిక: ఎవరి కథలు వేద్దాం? (హైదరాబాద్, డల్లాస్ టీంలు రెండూ చదవండి)

స్క్రిప్టు, సికింద్రాబాద్

అందరికీ వందనాలు. అక్టోబరు మూడో శనివారం డల్లాస్‌లో మన అసోసియేషన్ కుటుంబ సమ్మేళనం. సాయంత్రం నాటికకి కమిటీ గంటసేపు ఇచ్చింది. స్క్రిప్టు, వెనకనుంచి వినిపించే గొంతు రికార్డింగు, దుస్తులు ఇక్కడ హైదరాబాద్‌లో మేం చూసుకుంటాం. నటించేవాళ్లు, స్టేజి, లైట్లు, సౌండు అక్కడ మీరు. పనులు పంచుకునే ముందు కథలు తేలాలి. నా మనసులో ఉన్నది చెప్తాను, తర్వాత అందరూ మాట్లాడండి.

దావీదు గొల్యాతు, దానియేలు సింహాల బోను, ఎస్తేరు... ఇవన్నీ మన పిల్లలకి సండే స్కూల్లోనే కంఠతా వచ్చేశాయి. ఈసారి బైబిల్లో కొద్ది వచనాల్లో కనబడి వెళ్లిపోయినవాళ్లని స్టేజి ఎక్కిద్దాం. మోషేకి పొద మండింది, గిద్యోనుకి గొర్రెబొచ్చు తడిసింది, పౌలుకి ఆకాశంనుంచి వెలుగు వచ్చింది. నేను చెప్పబోయేవాళ్లకి అలాంటి గుర్తు ఒక్కటీ దొరకలేదు. ఎదురుగా ఒక కష్టం ఉంది, చేతికి ఏదో అందింది, దాంతోనే దిగారు. మనలో ఎక్కువమంది విశ్వాసం ఈ రకమే. దర్శనాలు చూసినవాళ్లం కాము, అయినా పొద్దున్నే లేచి చేయాల్సింది చేస్తున్నాం. ఇలాంటివాళ్లకి కూడా బైబిల్లో చోటుందని పిల్లలు కళ్లారా చూడాలి.

మొదటిది యిర్మీయా 38లోని ఎబెద్మెలెకు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది, పట్టణంలో రొట్టె అయిపోవస్తోంది. యిర్మీయా ప్రవచనం గిట్టని అధిపతులు ఆయన్ని తాళ్లతో మల్కీయా గోతిలోకి దించేశారు. అందులో నీళ్లు లేవు, బురదే. ప్రవక్త ఆ బురదలో దిగబడిపోయాడు. అంత పట్టణంలో కదిలినవాడు ఒక్కడు: రాజు ఇంట్లో పనిచేసే నపుంసకుడు, కూషు దేశంవాడు. బెన్యామీను ద్వారం దగ్గర కూర్చుని ఉన్న సిద్కియా రాజు దగ్గరికి వెళ్లి, ఈ మనుషులు చేసింది అన్యాయం, ఆయన అక్కడ ఆకలితో చచ్చిపోతాడు అన్నాడు. రాజు ముప్పైమందిని తోడిచ్చాడు.

నన్ను ఆపేసేది ఆ తర్వాతి వచనం. మనుషులు దొరికారు కదా అని అతను గొయ్యి దగ్గరికి పరుగెత్తలేదు. ముందు ఖజానా కింది గదిలోకి వెళ్లి పాత గుడ్డపేలికలు, చిరిగి పాతబడిన బట్టలు ఏరుకొచ్చాడు. వాటిని తాళ్లతో కిందికి దించి, చంకల కింద పెట్టుకుని వాటిమీద తాళ్లు వేసుకోమన్నాడు. బురదలో కూరుకుపోయిన మనిషిని పైకి లాగితే తాడు చర్మాన్ని కోసేస్తుందని అతనికి ముందే తట్టింది. ఈ పేలికలకోసమే నేను ఈ కథ అడుగుతున్నాను. 39వ అధ్యాయం చివర దేవుడు ఇతనికంటూ ఒక మాట పంపాడు: నువ్వు నన్ను నమ్ముకున్నావు కాబట్టి నీ ప్రాణం దక్కుతుంది అని. అతను ప్రార్థన చేసినట్టుగానీ ప్రవచించినట్టుగానీ ఎక్కడా రాసి లేదు. ఆ పేలికలు ఏరడాన్నే దేవుడు నమ్మకం కింద లెక్కవేశాడని నేను చదువుకుంటాను. కాబట్టి స్టేజిమీద గుడ్డలు ఏరే పని నిదానంగా జరగాలి. డైలాగు తగ్గినా ఫర్వాలేదు.

ఒక విన్నపం. కూషు దేశంవాడు అనగానే నటించే అబ్బాయి ముఖానికి నల్లరంగు వేద్దామని ఎవరో ఒకరు అంటారు. దయచేసి వద్దు. మాకు ఇక్కడ మాసబ్ ట్యాంక్ పక్కన ఏ.సి. గార్డ్స్ ఉంది. నిజాంల కాలంలో ఉన్న ఆఫ్రికన్ అశ్వదళం పేరే ఆ పేటకి నిలిచింది. ఆ సిద్దీ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఈ నగరంలో ఉన్నారు. రోజూ ఆ దారిన పోయేవాళ్లలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే. పరాయి దేశంలో రాజుల కొలువులో బతికిన మనుషులు కథల్లోనే కాదు, మన వీధుల్లోనూ ఉన్నారు. రంగు పూస్తే వాళ్లు వేషం అయిపోతారు. నటించే అబ్బాయి తన ముఖంతోనే నిలబడాలి.

రెండోది బర్జిల్లయి, 2 సమూయేలు 17, 19 అధ్యాయాలు. అబ్షాలోము తిరగబడ్డాక దావీదు యొర్దాను దాటి మహనయీముకు చేరాడు. వెంట ఉన్న జనం అలిసిపోయి, ఆకలితో, దాహంతో ఉన్నారు. గిలాదువాడైన ఈ పెద్దాయన, మరో ఇద్దరు కలిసి తెచ్చినవి చూడండి: పరుపులు, పాత్రలు, కుండలు, గోధుమలు, యవలు, పిండి, వేచిన గోధుమలు, చిక్కుడుకాయలు, తేనె, వెన్న, గొర్రెలు, జున్ను. పట్టిక పరుపులతో మొదలైంది. ఇల్లు విడిచి పారిపోయి వచ్చినవాళ్లు ముందు ఎక్కడో ఒకచోట ఒళ్లు వాల్చాలని తెలిసిన మనుషులు వాళ్లు.

రాజు గెలిచి తిరిగి వెళ్తూ, నాతో యెరూషలేముకు రా, నిన్ను నేను పోషిస్తాను అన్నాడు. బర్జిల్లయికి అప్పుడు ఎనభై ఏళ్లు. తిన్నదాని రుచి తెలియడం లేదు, పాడేవాళ్ల పాట వినబడడం లేదు, నీకు నేను భారం ఎందుకు, నా ఊళ్లో అమ్మానాన్నల సమాధి దగ్గర కన్నుమూయనివ్వు అన్నాడు. ఇదిగో కింహాము, వీణ్ని తీసుకెళ్లి నీకు మంచిదని తోచింది చెయ్యి అని కుర్రవాణ్ని అప్పగించాడు. రాజు అతన్ని ముద్దుపెట్టుకుని దీవించాడు. అతను తన ఊరికి తిరిగి వెళ్లిపోయాడు.

డల్లాస్‌లో ఆ హాల్లో కూర్చునేవాళ్లలో ఈ మాటలు సొంత తల్లిదండ్రుల నోట విననివాళ్లు ఎంతమంది ఉంటారు? సైనిక్‌పురిలోనో మల్కాజిగిరిలోనో ఉన్న పెద్దవాళ్లు, అక్కడికొచ్చి మేమేం చేస్తాం నాయనా, పిల్లలు బాగుంటే చాలు అంటారు. శంషాబాద్ దాకా వచ్చి సాగనంపి ఇంటికి పోతారు. అది ప్రేమ లేక కాదు, దేవుడు బిడ్డల్ని చూసుకుంటాడన్న నిబ్బరం. దావీదు చనిపోయేముందు సొలొమోనుకు అప్పగించిన మాటల్లో, బర్జిల్లయి కొడుకులు నీ బల్ల దగ్గర భోజనం చేయాలి అన్నది ఒకటి (1 రాజులు 2). ఆ మాటతో దృశ్యం ముగించాలని ఉంది.

మూడోది సిరియా సైన్యాధిపతి నయమాను భార్య దగ్గర చెరలో పనిచేసిన చిన్నపిల్ల (2 రాజులు 5). రెండే వచనాలు. నాలుగోది సౌలు ఉపపత్ని రిస్పా. దీనికి అభ్యంతరాలు వస్తాయని తెలుసు, ముందు మీరు చెప్పండి.


పిల్లల విభాగం, డల్లాస్

వందనాలు అన్నా. ముప్పైమంది తాడు లాగే సీను చాలు, మా సండే స్కూలు మొత్తానికి పాత్రలు వచ్చేసినట్టే. తల్లులు మాత్రం మా వాడికి డైలాగు లేదా అంటారు, అది నేను చూసుకుంటాను. యబ్బేజు ప్రార్థన (1 దినవృత్తాంతములు 4) పెట్టమని కొందరు అడుగుతున్నారు, వీలవుతుందా? ఇంకొకటి, ఆ చిన్నపిల్ల కథ. ఇక్కడ పెరుగుతున్న పిల్లలు దాన్ని చూసి, అమ్మానాన్న మనల్ని తెచ్చిన దేశం కూడా ఇలాంటిదే అనుకోకుండా రాయండి.


స్క్రిప్టు, సికింద్రాబాద్

మంచి మాట చెప్పావమ్మా. వలస వేరు, చెర వేరు. ఆ పిల్లని సిరియా దండు ఇశ్రాయేలునుంచి పట్టుకుపోయింది. ఆ తేడా మొదటి వాక్యంలోనే స్పష్టంగా వినబడాలి, అలాగే రాస్తాను. ఆమె విశ్వాసంలో ఆశ్చర్యం ఏమిటంటే, తనని ఇంటినుంచి వేరుచేసిన సైన్యానికి అధిపతి నయమాను. అతని కుష్ఠు చూసి, నాకు జరిగినదానికి ఇది శిక్ష అనుకోవడానికి ఆమెకి అన్ని కారణాలూ ఉన్నాయి. ఆమె మాత్రం, షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి మా అయ్యగారు వెళ్తే బాగుండు, ఆయన బాగుచేస్తాడు అంది. అధిపతి బాగయ్యాడు, కానుకల బేరాలు జరిగాయి, ప్రవక్త సేవకుడు గేహజీకి ఆ కుష్ఠు అంటింది, సిరియా రాజు ఇశ్రాయేలు రాజుకి ఉత్తరం రాశాడు. ఇంత జరిగినా ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో ఎక్కడా లేదు. ఆమె పేరు కూడా లేదు. స్క్రిప్టులో మనం కల్పించి పెట్టొద్దు. బ్రోషర్‌లో కూడా "చిన్నపిల్ల" అనే వేయండి.

యబ్బేజు వద్దు. ఆయన ప్రార్థన మన ఇళ్ల గోడ క్యాలెండర్లమీద ఏటేటా చూస్తూనే ఉన్నాం.


కార్యదర్శి, డల్లాస్

తమ్ముడూ, రిస్పా కథ ఈ కార్యక్రమానికి సరిపోదని నా అభిప్రాయం. ఏడుగురి శవాలు, పక్షులు, అడవి మృగాలు. చిన్నపిల్లలు ముందు వరసల్లోనే కూర్చుంటారు. నాటిక అయిన వెంటనే భోజనాలు. దాని బదులు దొర్కా వేస్తే మన స్త్రీల సమాజంవాళ్లు కూడా సంతోషిస్తారు.


స్క్రిప్టు, సికింద్రాబాద్

అక్కా, మీరు చెప్పింది గౌరవంతోనే తీసుకుంటున్నాను. దొర్కా కుట్టిన అంగీలు చూపిస్తూ విధవరాండ్రు ఏడ్చిన ఘట్టం నాకూ ఇష్టమే. కానీ ఆమె పేరు తెలియని తెలుగు సంఘం లేదు. రిస్పా పేరు ఎంతమంది విన్నారు?

కథ ఇంకోసారి చూడండి, 2 సమూయేలు 21. మూడేళ్ల కరవు. సౌలు గిబియోనీయుల్ని చంపినందుకు అని దేవుడు చెప్పాడు. సౌలు వంశంలో ఏడుగురిని గిబియోనీయులకి అప్పగించారు, వాళ్లలో ఇద్దరు రిస్పా కన్న కొడుకులు. యవల కోత మొదలయ్యే రోజులు. రిస్పా గోనెపట్ట తెచ్చి బండమీద పరుచుకుని కూర్చుంది. ఆకాశంనుంచి వాన పడేదాకా పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని ఆ శరీరాలమీదికి రానివ్వలేదు. ఏడుగురినీ కాచింది. అందులో ఐదుగురు ఆమె కన్నవాళ్లు కారు.

బైబిల్లో ఆమె మాట్లాడిన మాట ఒక్కటీ లేదు. అయినా సంగతి రాజు చెవిన పడింది. దావీదు యాబేష్గిలాదునుంచి సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించాడు, ఈ ఏడుగురి ఎముకలూ సేకరింపజేశాడు. సౌలునీ యోనాతానునీ సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టారు. ఆ తర్వాతే దేశంకోసం చేసిన మనవి దేవుడు ఆలకించాడని రాసి ఉంది. చంపినప్పుడు అని లేదు, పాతిపెట్టిన తర్వాత అని ఉంది. ఒక తల్లి మౌనంగా కూర్చున్నందుకు రాజు తన పని పూర్తిచేశాడు.

మన హాల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఉంటారు. ఆఖరి చూపుకి హైదరాబాద్ టికెట్టు దొరకనివాళ్లు ఉంటారు. విశ్వాసం గురించి చెప్పేటప్పుడు వాళ్లని వదిలేసి, జయించినవాళ్ల కథలే వరసగా చెప్తే వాళ్లు ఎక్కడ కూర్చోవాలి? అందుకే ఈ దృశ్యం ఉండాలని పట్టుబడుతున్నాను. శవాలు చూపించనక్కర్లేదు. స్టేజిమీద ఒక గోనెపట్ట, ఒక స్త్రీ, చేతిలో కర్ర. వెనక తెరమీద వెలుగు పగలుకీ రాత్రికీ మారుతుంది. చివర వాన చప్పుడు. నాలుగు నిమిషాలు మించదు. చిన్నపిల్లలకి కష్టమనిపిస్తే ఆ నాలుగు నిమిషాలూ పక్కగదిలో పాటలు పాడిద్దాం. నాటికలో చివరికి పెట్టకుండా మధ్యలో పెడదాం, ఆ తర్వాత బర్జిల్లయి వస్తాడు.


పాస్టర్ గారు, డల్లాస్

దృశ్యం ఉంచండి. ఒక జాగ్రత్త: ఆ ఏడుగురినీ చంపమని దేవుడు చెప్పినట్టు వాక్యంలో లేదు. కరవుకి కారణం ఆయన చెప్పాడు, పరిహారం ఏమిటని దావీదు గిబియోనీయుల్ని అడిగాడు. వెనకగొంతు ఆ వరస తప్పకూడదు. అప్పగించడం సరైనదా కాదా అన్నది స్టేజిమీద తేల్చొద్దు, ఆ తర్వాతి ఆదివారం నేను వాక్యం అదే తీసుకుంటాను.


కార్యదర్శి, డల్లాస్

పాస్టర్ గారు బాధ్యత తీసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. పక్కగది బుక్ చేస్తాను. వాన చప్పుడు మరీ పెద్దగా వద్దు.


యూత్, డల్లాస్

దృశ్యాల మధ్య స్టేజి సర్దేటప్పుడు ఖాళీ వస్తుంది. అక్కడ ఒక్కో నిమిషం ఒక్కొక్కరు వచ్చి ఒక పేరు చెప్పొచ్చా? నేను ఒనేసిఫోరు తీసుకుంటాను, 2 తిమోతి 1. రోమాకు వచ్చి, సంకెళ్లలో ఉన్న పౌలుని శ్రద్ధగా వెతికి కనుక్కున్నాడు. కొత్త ఊళ్లో ఎయిర్‌పోర్టునుంచి నన్ను తీసుకొచ్చి, అద్దె ఇల్లు దొరికేదాకా వాళ్లింట్లో ఉంచుకున్న అంకుల్ వాళ్లు గుర్తొస్తారు. మా ఫ్రెండు తెర్తియు చెప్తానంటున్నాడు, రోమా పత్రిక రాసిపెట్టినవాడు, 16:22లో ఒక్క వచనం.


స్క్రిప్టు, సికింద్రాబాద్

చాలా బాగుంది తమ్ముడూ, చేయండి. అంకుల్ వాళ్ల సంగతి కూడా చెప్పు, పేర్లు లేకుండా. తెర్తియు చెప్పే అబ్బాయి ఇంకో వాక్యం కలపొచ్చు: 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, దెగ్రాంజ్‌లకి సువార్తల్ని తెలుగు చేయడంలో తోడు నిలిచినవాడు ఆనందరాయరు. మిషనరీల పేర్లయినా కొందరికి తెలుసు, ఆయన పేరు తెలిసినవాళ్లు మరీ తక్కువ. తెలుగు బైబిలు చేతిలో పట్టుకుని చెప్పమను.


దుస్తులు, హైదరాబాద్

నూలు బట్ట జనరల్ బజార్‌లో చూసొచ్చాను. మెరిసే శాటిన్ తీసుకోవడం లేదు, సిద్కియా ఒక్కడికే కాస్త జరీ అంచు. పేలికలకోసం కొత్త బట్ట చింపితే తెలిసిపోతుంది, ఇళ్లలో వాడి వాడి మెత్తబడిన దుప్పట్లు, పంచెలు ఉతికి పంపండి. గోనెసంచులు ఉస్మాన్‌గంజ్‌లో దొరుకుతాయి, దులిపి, ఎండబెట్టి సర్దుతాం. వచ్చేనెల అక్కడికి వెళ్తున్న ఇద్దరు తలా ఒక సూట్‌కేసు ఇస్తామన్నారు, ఒక్కోటి 23 కిలోల లోపు. ధాన్యం, పప్పులు ఇక్కణ్నుంచి పంపం, కస్టమ్స్ దగ్గర చిక్కు. యవలు, గోధుమలు అక్కడి ఇండియన్ స్టోర్‌లోనే కొనండి. తాడు కూడా అక్కడే, పిల్లల చేతులు ఒరుసుకుపోకుండా నూలుదే తీసుకోండి.


స్క్రిప్టు, సికింద్రాబాద్

అయితే వరస ఇదీ: చిన్నపిల్ల, ఎబెద్మెలెకు, రిస్పా, బర్జిల్లయి. మధ్యలో యూత్ మాటలు. చివర ఎవరూ మైకు పట్టుకుని నీతి వివరించొద్దు. కింహాము రాజు వెంట వెళ్లాక, దావీదు అప్పగింత మాట వెనకగొంతులో రాగానే క్వయర్ పాత కీర్తన ఎత్తుకోవాలి, హార్మోనియం, తబలా చాలు.

బర్జిల్లయి వేషానికి నిజంగా ఎనభైకి దగ్గరపడిన తాతగారు ఎవరైనా పిల్లల్ని చూడటానికి అక్కడికి వచ్చి ఉంటే అడగండి. మాటలు మరిచిపోయినా ఫర్వాలేదు, వెనకనుంచి అందిద్దాం.

మొదటి రిహార్సల్ వచ్చే శనివారం, మీకు ఉదయం 9, మాకు రాత్రి 7:30. గురువారంలోగా మొదటి రెండు దృశ్యాల స్క్రిప్టు పెడతాను. తాడు లాగే పిల్లల జాబితా, రిస్పాగా కూర్చునే అక్క ఎవరన్నది అప్పటికి చెప్పండి.