అప్‌డేట్: కొబ్బరి పీచులో కుళ్లుతున్న బ్రాసవోలా నోడోసా

కోనసీమ ఉక్కకి కుండీలో కొబ్బరి పీచులో పెంచుతున్న ఈ ఆర్కిడ్ మొక్క వేర్లు నల్లబడుతున్నాయని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పీచంతా తీసేసి, బెరడున్న మామిడి చెక్కకు నైలాన్ దారంతో కట్టాను. కొత్త వేర్ల కొసలు పచ్చగా బెరడును కరుచుకున్నాయి! మెక్సికో నుంచి వెనిజులా దాకా తీరంలో మడచెట్ల మీద, రాళ్ల మీద బతికే మొక్క. వేర్ల దగ్గర తడి నిలిస్తే తట్టుకోదు. అందుకే నీళ్లు పొద్దున్నే, అదీ వేర్లు తెల్లగా ఆరాకే. మడచెట్టు మీద పెరుగుతుంది కదా అని ఉప్పు బోరు నీళ్లు పొయ్యకండి, అక్కడ దానికి అందేది ఎక్కువగా వాననీరే. 50 శాతం షేడ్‌నెట్ కింద గాడి ఉన్న సన్నటి ఆకులు కాస్త ఎర్రబారాయి, అంటే వెలుగు చాలినట్టే. ముదురాకుపచ్చగా ఉంటే పూత కష్టం. తెల్లటి పెదవితో (పెదవిలాంటి పెద్ద రేకుతో) పువ్వు విచ్చింది. పగలు వాసన లేదు, చీకటి పడ్డాక గుప్పుమంటోంది; దీనికి పరాగసంపర్కం చేసే హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మటలు తిరిగే వేళ అదే మరి. వేర్లు గట్టిగా పట్టాకే దారం విప్పుతాను.