అప్‌డేట్: నా ఆడుబన్ పక్షుల గైడ్ 1977దా, 1994దా?

అమెరికా పక్షి సంరక్షణ సంస్థ ఆడుబన్ సొసైటీ పేరుతో వచ్చిన తూర్పు అమెరికా పక్షుల ఫోటో గైడ్ పాత ప్రతి ఏ కూర్పుదో ఎలా తేల్చాలని అడిగాను. తేలింది: 1977 నాటి తొలి కూర్పే.

ముద్రణ సంవత్సరాన్ని నమ్మకండి, ఆ కూర్పు చాలాసార్లు పునర్ముద్రణ అయింది. ముందు టైటిల్ పేజీ చూడండి. తొలి కూర్పుకు జాన్ బుల్, జాన్ ఫరాండ్ రచయితలు, ప్రచురణ నాఫ్. 1994 కూర్పులో ‘సవరించినది’ అని, సంస్థ పేరుకు ముందు ‘నేషనల్’ అని ఉంటుంది. ఇంకా గట్టి ఆధారం లోపలి అమరిక. రెండింటిలోనూ ఫోటోలన్నీ ముందు, రంగు, ఆకారాల వారీగా ఉంటాయి. వివరణలు మాత్రం పాతదాంట్లో ఆవాసాల వారీగా, కొత్తదాంట్లో కుటుంబాల వారీగా ఉంటాయి.

రంగు వరస కొత్తవాళ్లకు నిజంగా మేలు. చిక్కల్లా, మగా ఆడా రంగులు వేరైతే ఒకే జాతి ఫోటోలు రెండు చోట్లకు చెదిరిపోతాయి.

పేర్లతో మాత్రం కూర్పు తేల్చలేం. ఒకే జాతిగా కలిపేసిన బాల్టిమోర్, బుల్లక్స్ ఓరియోల్ పక్షులను మళ్లీ రెండు జాతులుగా విడదీసింది 1995లో, అంటే రెండు కూర్పులూ వచ్చాకే. అందుకే 1994 ప్రతినీ నేటి పక్షుల పేర్ల జాబితాతో సరిచూసుకోవాలి.