క్యాలెండరు బొమ్మ కింది పట్టీ కత్తిరించడం తప్పా?

మాంబళం మూర్తి:
అమ్మమ్మ పూజగదిలో ఉండే లక్ష్మి బొమ్మకి కొత్త ఫ్రేమ్ కట్టించాను. చీర అంచుకి ఎవరో జరీ, తళుకులు అంటించారు. అడుగున ఇంగ్లీషు అక్షరాల పట్టీ ఒకటి, దానికి చెమ్మ మరక. షాపాయన తీసేద్దామా అంటే సరేనన్నాను. నిన్న ఇక్కడ ఫొటో పెట్టగానే తిట్లు మొదలు. దేవుడి బొమ్మకి ప్రెస్సు పేరెందుకండీ?

రాయీ సిరా:
ఆ పట్టీలో ఏముందో చదివారా?

మాంబళం మూర్తి:
రవివర్మ ప్రెస్, లోణావళా అని ఉన్నట్టు గుర్తు.

రాయీ సిరా:
అయ్యో! రవివర్మ 1894లో ప్రెస్ పెట్టింది బొంబాయి గిర్గాంలో. తర్వాత అది లోణావళా దగ్గరికి మారింది. ఆయన బతికుండగానే జర్మనీ ఆయన ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి వెళ్లిపోయింది. 1906లో రవివర్మ పోయాక కూడా అచ్చులు వస్తూనే ఉన్నాయి. మీ బొమ్మ ఏ కాలందో చెప్పే సాక్ష్యం ఆ పట్టీయే. దాన్నే కోయించారు.

పెరంబూరు పద్మ:
ఒక్క నిమిషం. ఇది క్యాలెండరే కాదు కదా? తేదీల కట్ట ఉంటేనే క్యాలెండరు. టైటిల్ మార్చండి.

నూనెదీపం:
మా ఇంట్లో తేదీలు అయిపోగానే కిరాణా కొట్టు పేరు కత్తిరించి పటం కట్టించేవాళ్లం. గ్రైప్ వాటర్ క్యాలెండరు మీది బాలకృష్ణుడికి కూడా అలాగే హారతి ఇచ్చాం. కొట్టు పేరుకి ఎవరైనా దణ్ణం పెడతారా?

మాంబళం మూర్తి:
అదీ మాట! అమ్మమ్మ రోజూ కుంకుమ పెట్టిన బొమ్మ అది, మ్యూజియం ముక్క కాదు. సిరాగారూ, మా ఇంటి పూజగదికి మీ పర్మిషన్ కావాలా?

రాయీ సిరా:
పర్మిషన్ అడగమన్నానా? చదివి కొయ్యమన్నాను. కింద అక్షరాలు కనిపిస్తే చాలు, కత్తెర కోసం వెతుకుతారు.

నూనెదీపం:
ప్రెస్సు పేరు సరే, బొమ్మ వేసినవాళ్ల సంతకం ఎలాగూ ఉంటుందిగా. కోవిల్‌పట్టి కొండయ్యరాజు బొమ్మలు చూడండి. మన ఎగ్మోరు ఆర్ట్స్ స్కూల్లో చదివినాయనే.

రాయీ సిరా:
కొండయ్యరాజుగారు మూల చిత్రం వేశారు, సంతకం పెట్టారు, బాగుంది. పాత లిథో ప్రెస్సుల్లో, అంటే రాతి అచ్చు ప్రెస్సుల్లో, ఆ చిత్రాన్ని రంగు రంగుగా విడదీసి రాయి మీదికి దించినవాడు ఇంకొకడు. వాడి పేరు చెప్పండి చూద్దాం.

మాంబళం మూర్తి:
ఎవరో కూలీ పేరు కోసం నన్ను రెండు రోజులుగా ఉతుకుతున్నారా?

రాయీ సిరా:
కూలీయే. ఆ కూలీ మా తాత.

ఇక్కడే మద్రాసులో ఒక లిథో ప్రెస్సులో పని. రంగుకో రాయి. పసుపుకి ఒకటి, ఎరుపుకి ఒకటి, నీలానికి ఒకటి. బొమ్మంతా కుడి ఎడమలు తారుమారు చేసి గియ్యాలి, అక్షరాలు కూడా తిరగేసి రాయాలి. అమ్మవారి బుగ్గ నున్నగా రావాలంటే బ్రష్‌తో ఒక్క గీత గీస్తే రాదు, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవాలి. యాభై దాటేసరికి చూపు మందగించింది, పనిలోంచి తీసేశారు. ఆయన పేరు ఏ బొమ్మ మీదా లేదు. అడుగున ప్రెస్సు పేరు చూసి 'ఇది మన తాత చేతిది అయ్యుండొచ్చు' అనుకుంటాం, అంతే. మీరు కత్తిరించేది మాకు మిగిలిన ఆ ఒక్క ముక్కని.

పెరంబూరు పద్మ:
సిరా అన్నా, ఇది మొదట్లోనే చెప్పుంటే ఇంత గొడవ ఉండేదా?

మాంబళం మూర్తి:
కూలీ అన్నది నా తప్పు, క్షమించండి. కానీ నా బొమ్మ మీ తాతగారిది కాదు కదా. అది లోణావళాది.

రాయీ సిరా:
కాదు. ఇంకెవరి తాతదో.

మాంబళం మూర్తి:
షాపుకి ఫోన్ చేశాను. ఆ పట్టీ మొన్నే చెత్తబుట్టలో వేశారట. ఫ్రేమ్ వెనక అట్ట మీద ఆ ప్రెస్సు పేరు పెన్సిల్‌తో రాసి పెడదామనుకుంటున్నాను. లోణావళా పక్కనున్న కార్లా ఊరి పేరు కూడా పట్టీలో ఉండేదేమో అమ్మని అడగాలి.

పెరంబూరు పద్మ:
టైటిల్ ఇంకా మార్చలేదు.